నూట ఇరవై ఒకటో పేజీ

తొమ్మిదేళ్ల రెండు నెలలుగా నేను మోస్తున్న దాని బరువు మూడువందల పది గ్రాములు. ఊహించి చెప్పడం లేదు. కిందటి బుధవారం మా వీధి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించాను. కొట్టతను, “ఏటి పిన్నీ, పాత బుక్కులు అమ్మీస్తన్నావేటి?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంకోసారి పెట్టమన్నాను. మళ్లీ అంతే చూపించింది. ఇంత తేలికగా ఉంటుందని నేను అనుకోలేదు.

అది ఒక నోటుపుస్తకం. నూట తొంభై రెండు పేజీలది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఊళ్లో ఎవరికి చెప్పినా సాయంత్రానికి కొళాయి దగ్గర మాట అవుతుంది. దేవుడికి చాలాసార్లు చెప్పాను. దేవుడు తిరిగి ఏమీ అడగడు. అది సుఖంగానూ ఉంటుంది, వెలితిగానూ ఉంటుంది. మీరైతే ఇది చదివి నా గురించి ఏదో ఒకటి అనుకుంటారు. అది నాకు వినపడదు. అయినా ఎవరో ఒకరు అనుకోవాలి కదా.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. పిల్లల బరువులు తూచాను, పుట్టిన తేదీలు రాశాను, గుడ్లు లెక్కపెట్టాను. మా రాజాం చుట్టుపక్కల ఏ ఊళ్లో తనిఖీకి వచ్చిన ఆఫీసరైనా నా రిజిస్టర్లు చూసి వేలు పెట్టడానికి చోటు దొరక్క మూసేసేవారు. లెక్క తప్పితే నాకు ఒంటి మీద చీమ పాకినట్టు ఉంటుంది. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. నేను చేసిన తప్పు లెక్క తప్పడం వల్ల జరిగింది కాదని మీకు ముందే తెలియాలి.

పైడమ్మ నా తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ పిలుపు ఆమె నోట్లో ఒక్కో వేళ ఒక్కోలా ఉండేది. పొద్దున్న పెరట్లోంచి “అప్పోయ్” అని సాగేది. కూరలో ఉప్పు ఎక్కువైనప్పుడు “అప్పా...” అని తగ్గేది. మా ఆయన పోయాడు. తరవాత రెండేళ్లకి మా మరిది చెన్నైలో మేడల పనికి వెళ్లి అక్కడే జ్వరంతో పోయాడు. పిల్లలు నాకూ లేరు, ఆమెకీ లేరు. ఆ తరవాత పదిహేడేళ్లు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. రెండు మంచాలు, మధ్యలో ఒక మంచినీళ్ల చెంబు. దాహం వేసినవాళ్లు చెయ్యి చాపితే చాలు.

ఒక మార్గశిరం మూడో లక్ష్మివారం నాడు పొద్దున్నే పూజ చేసి, ముగ్గు పెట్టి, పైడమ్మ వరిమోపులు మొయ్యడానికి వెళ్లింది. లక్ష్మివారం వెళ్లొద్దన్నాను. “లచ్చిందేవి సేన్లోనే ఉన్నాది అప్పా, ఇంటికి తేవద్దేటి?” అంది. నెత్తిన మోపుతో గట్టు మీంచి జారింది. ఎముక విరగలేదు. విరిగినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాం. విరిగిన ఎముకకి కట్టు ఉంటుంది. కట్టు చూసి జనం ప్రక్కకి జరుగుతారు.

నొప్పి కుడి తుంటి దగ్గర మొదలై తొడ వెనకనుంచి మడమ దాకా దిగేది. కారం రాసినట్టు మంట అనేది. ఫోటోలు తీయించాం, రాజాంలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి. వాటిలో పెద్దగా ఏమీ లేదన్నారు. కొన్ని రోజులు బాగానే నడిచేది. ఆరు బిందెలు తెచ్చేది. మర్నాడు ఎడమ పక్కకి తిరగాలంటే నా చెయ్యి పట్టుకుని, పళ్లు బిగించి, అంకెలు లెక్కపెట్టుకుంటూ తిరిగేది. పదకొండు దాకా లెక్కపెడితే తిరగడం అయ్యేది.

కొళాయి దగ్గర ఆడవాళ్లకి ఇది వేడుక. “పైడమ్మ నొప్పికి కేలండరు తెలుస్తాది వొదినా, పనుండే రోజే వొస్తాది, ఆదోరం రాదు.” ఇది నా ముందే అన్నారు. పైడమ్మ కూడా నవ్వింది. “నిజమే, ఆదోరం దానికీ సెలవే” అంది. ఆమె నొప్పి ఉన్న రోజునే ఎక్కువ నవ్వుతుంది. ఈ సంగతి కనిపెట్టింది నేనొక్కదాన్నే. అది కూడా రాసుకున్నాను.

పని కోసం తిరిగింది. నాట్లకి పిలవడం మానేశారు. బడిలో మధ్యాహ్నం వంటకి వెళ్లింది, అన్నం గుండిగ దించాలి, మూడు రోజులు. రాజాంలో బట్టల కొట్టులో నిలబడి చీరలు విప్పి చూపించే పని, పదకొండు రోజులు. పన్నెండో రోజు బస్సు దిగి ఇంటిదాకా రాలేక రామాలయం అరుగు మీద కూర్చుండిపోతే నేను వెళ్లి తీసుకొచ్చాను. కుట్టుమిషను కాలితో తొక్కాలి. ఇంట్లో ఉండి విస్తరాకులు కుట్టింది. “ఒళ్లు ఇలగుంటే మనిసినెవులు పన్లో పెట్టుకుంటారు అప్పా” అనేది కానీ మర్నాడు మళ్లీ ఎవరినో అడగడానికి బయల్దేరేది. ఊరికే కూర్చుని తినడం ఆమెకి తెలియని విద్య.

అప్పుడు రాజాంలో ఒక డాక్టరు, పెద్దాయన, నాతో ఒక మాట అన్నాడు. “నొప్పి ఫోటోలో పడదమ్మా. మీరు రాసే మనిషిలా ఉన్నారు. రోజూ ఏం చెయ్యగలిగింది, ఏం చెయ్యలేకపోయింది, నాలుగు నెలలు రాయండి. వికలాంగుల సర్టిఫికెట్టుకి వెళ్లినప్పుడు చూపించండి.” నాకు పని దొరికింది. రెండు పుస్తకాలు కొన్నాను. అంగన్‌వాడీలో దేనికి దానికి వేరే రిజిస్టరు ఉంటుంది. రెండు రకాల లెక్క ఒక పుస్తకంలో కలపడం నా అలవాటు కాదు. పొడుగు పుస్తకంలో ఆమె చేసినవి. చిన్న పుస్తకంలో చెయ్యలేనివి. రెండింట్లోనూ రోజుకొక పేజీ. అక్టోబరు పంతొమ్మిది, సోమవారం మొదలుపెట్టాను.

చిన్న పుస్తకంలో ఎలా ఉంటుందో చెబుతాను. “మంచం నుంచి బాత్రూం పదిహేను అడుగులు. గోడ పట్టుకుని. నాలుగు నిమిషాలు.” “జడ నేనే వేశాను. చేతులు పైకెత్తితే నడుం లాగుతోందట.” “పొద్దున్న మాత్ర ఒకటి, సాయంత్రం ఒకటి. పని చెయ్యలేదు.” “అన్నం నిలబడి తింది.” డెబ్బై ఒకటో పేజీ అన్నిట్లోకీ చెడ్డది. డిసెంబరు ఇరవై ఎనిమిది. “మంచం దిగలేదు. పక్క గుడ్డ మార్చాను. నా వైపు చూడలేదు. నవ్వలేదు.” అంతే రాశాను. ఆ రోజు ఇంకేం రాయగలను?

ఇక్కడిదాకా నేను మంచిదాన్నే. దయచేసి అది కూడా లెక్కలో వేసుకోండి.

జనవరిలో విజయనగరం నుంచి కబురొచ్చింది. పైడమ్మ మేనత్త కూతురు అక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు, టైము రిజిస్టర్లో రాసే పని ఒకటి ఖాళీ అయింది. వికలాంగులకి కేటాయించిన పని. సర్టిఫికెట్టులో నలభై శాతం ఉండాలి. గేటు వెనక ఒక గది కూడా ఇస్తారు. పైడమ్మ పదో తరగతి తప్పింది కానీ ఆమె దస్తూరీ ముత్యాలు. ఆ దస్తూరీ నేను దిద్దించిందే, అంగన్‌వాడీ పాత రిజిస్టర్ల వెనక పేజీల మీద, వానాకాలం మధ్యాహ్నాల్లో.

ఆ రోజు ఆమె మొహం నాకు ఇంకా కనిపిస్తుంది.

“కుర్సీ అప్పా! ఆల్లే ఇస్తారట కుర్సీ. కూకోవాలంటే కూకోవొచ్చట, లేవాలంటే లేవొచ్చట. ఎవులూ ఏటీ అనరట!”

ఒక మనిషి కుర్చీ గురించి అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. తరవాతా వినలేదు.

“మరి నేను?” అన్నాను. నవ్వులాటగానే అన్నాను.

“ఆదోరం ఆదోరం రానేటి? నీకు తలంటు పోసి, మోకాళ్లకి నూనె రాసి, సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాను.”

నెలకి నాలుగు ఆదివారాలు. మిగిలిన ఇరవై ఆరు రోజులు చెంబుకి అవతలి మంచం ఖాళీ. నాకు రిటైరు కావడానికి పదకొండు నెలలు ఉంది. అప్పటిదాకా పగలు పిల్లల గోల ఉంటుంది. ఆ తరవాత? ఆ లెక్క నేను వెయ్యలేదు, అదే పడింది. లెక్కలు వచ్చినవాళ్లకి ఉన్న రోగం ఇది.

ఇంకొకటి కూడా ఉంది. దీన్ని రాయడం కష్టంగా ఉంది. నాకు మోకాళ్ల నొప్పి అప్పటికి పన్నెండేళ్లుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. నేల మీద కూర్చున్న పిల్లల మధ్య నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకునేదాన్ని, చూసేవాళ్లు పెద్దరికం అనుకునేవారు. నా నొప్పికి పుస్తకం లేదు, కుర్చీ లేదు. పైడమ్మకే ఎందుకు? ఈ ప్రశ్న నాలో ఉందని నాకు అప్పుడు తెలుసా? తెలుసుననే అనుకుంటాను. ఆమె మీద ప్రేమతో ఆపానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు.

ఫిబ్రవరి పదహారు, మంగళవారం శ్రీకాకుళంలో సర్టిఫికెట్ల శిబిరం. ముందురోజు సాయంత్రమే సంచి సర్దాను. ఫోటోల కవర్లు, ఆధారు, రెండు పుస్తకాలు, పులిహోర డబ్బా. తెల్లారి ఐదు నలభైకి పైడమ్మ స్నానానికి వెళ్లింది. నేను సంచి విప్పి చిన్న పుస్తకం తీశాను. ప్లాస్టిక్ కవరులో చుట్టాను. బియ్యం డబ్బాలో అడుగుదాకా తోసి, పైన బియ్యం సమం చేశాను. ఇదంతా ఒక నిమిషం కూడా పట్టలేదు. చేతులు వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది.

ఆమె వచ్చాక ఒక నొప్పి మాత్ర కూడా ఇచ్చాను. బస్సులో అంత దూరం కుదుపులకి తట్టుకోలేదని. రోజూ ఇచ్చేదే. కానీ ఆ మాత్ర వేసుకుంటే ఆరేడు గంటలు కాస్త బాగా నడుస్తుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మాత్ర ప్రేమతో ఇచ్చానా, ఇంకోలా ఇచ్చానా? పుస్తకం సంగతిలో నాకు అనుమానం లేదు. మాత్ర సంగతిలో ఈ రోజుకీ నిర్ణయించుకోలేకపోతున్నాను.

మా వంతు పదకొండున్నరకి వచ్చింది. డాక్టరు చిన్నవాడు, ఓపికమంతుడు. బయట ఇంకా నలభై మంది ఉన్నా కాలు ఎత్తించాడు, వంచించాడు, నడిపించి చూశాడు. ఆయన తప్పేమీ లేదు. ఇది బాగా చెప్పాలి. ఆయన అడగవలసిందంతా అడిగాడు.

పొడుగు పుస్తకం తిరగేసి, “చాలా శుభ్రంగా రాశారమ్మా” అన్నాడు. “ఇందులో ఈవిడ చేసే పనులే ఉన్నాయి. నవంబరులో పదహారు రోజులు నీళ్లు తెచ్చింది. ఇల్లు ఊడ్చింది. చెయ్యలేని రోజులు రాయలేదా?”

“రాశానండి. వేరే పుస్తకంలో. ఇంట్లో మరిచిపోయాను.”

పైడమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు ఎంతసేపో నేను కొలవలేదు. నా జీవితంలో కొలవకుండా వదిలేసినవి తక్కువ.

“పోనీ మీరే చెప్పండి. ఎంత దూరం నడవగలదు?”

“మంచి రోజున ఆరువందల అడుగులు.”

ఆ లెక్క నిజం. నేను వెనక నడిచి లెక్కపెట్టిందే. ‘మంచి రోజున’ అన్నానా లేదా అంటే, అన్నాను. తొమ్మిదేళ్లు ఆ రెండు మాటల మీద ఆనుకుని బతికాను. కానీ ఆ రెండూ ఎంత మెల్లగా అన్నానో, ‘ఆరువందలు’ ఎంత గట్టిగా అన్నానో నాకు తెలుసు. చెడ్డ రోజున పదిహేను అడుగులు. ఆ లెక్కా నాకు తెలుసు. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ముప్ఫై రెండు శాతం వచ్చింది.

చిన్న పుస్తకం చూపిస్తే నలభై వచ్చేదా? తెలియదు. రాకపోను కూడా. ఎప్పటికీ తెలియకుండా చేసిందాన్ని నేనే.

తిరుగు బస్సులో పైడమ్మకి కిటికీ సీటు ఇచ్చాను. మాత్ర పట్టు దిగిపోయింది. కాలు ముందు సీటు కిందకి చాపి, కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. “పోన్లే అప్పా” అంది. “నువ్వేటి సేస్తావు. మనిసన్నాక మర్సిపోదేటి.” మరి కాసేపటికి నవ్వింది. “అయినా మా అప్ప మర్సిపోనాదంటే ఊర్లో ఎవులూ నమ్మరు. పడమట పొద్దు పొడిసినాదంటే నమ్ముతారు గానీ.”

అది ఒట్టి వేళాకోళమా? లేక తెలిసి నన్ను ఒప్పుకోమని తలుపు తీసి పట్టుకుందా? నొప్పి ఉన్న రోజున ఎక్కువ నవ్వుతుందని చెప్పాను కదా. ఆ రోజు బాగా నవ్వింది. నేను పులిహోర డబ్బా తీసి ఇచ్చాను. సగం తిని మూత పెట్టింది.

ఇంటికి వచ్చి నేను చేసిన పని చెబితే మీకు పిచ్చిదాన్ననిపిస్తుంది. ఆమె పడుకున్నాక బియ్యంలోంచి పుస్తకం తీశాను. నూట ఇరవై పేజీలు నిండి ఉన్నాయి. నూట ఇరవై ఒకటో పేజీ ఆ రోజుది. రోజు గడిచాక పేజీ ఖాళీగా వదిలెయ్యడం నాకు చేతకాదు. తేదీ వేసి రాశాను: “ఈ రోజు ఈ పుస్తకం తీసుకెళ్లలేదు. మరిచిపోలేదు. ఐదు నలభైకి బియ్యం డబ్బాలో నేనే పెట్టాను. 32 శాతం.” కింద సంతకం పెట్టాను. ఎవరు చూస్తారని పెట్టానో తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రతి పేజీ కిందా పెట్టిన చెయ్యి. పుస్తకం మళ్లీ బియ్యంలో పెట్టేశాను. ఇంట్లో బియ్యం కొలిచేది ఎప్పుడూ నేనే.

మళ్లీ శిబిరం పెట్టేలోపే హాస్టలు పని వేరేవాళ్లకి వెళ్లింది.

ఏ మనిషి కోసమైతే చేశానో, ఆ మనిషి నాకు దక్కిందా? ఐదు నెలలు దక్కింది. ఆ ఐదు నెలలు ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను. వడ్డించేసి పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. చిన్న చిన్న వాటికి కసురుకున్నాను. అన్యాయం చేసినవాళ్లకే కోపం ఎక్కువ వస్తుందని అప్పుడే తెలిసింది. నేను కసురుకుంటున్నది తిండి భారమై అని ఆమె అనుకుంది. ఒకనాడు సంచి సర్దుకుంది. “నీ మీద పడి ఎన్నాళ్లు తింటాను అప్పా. పలాసలో మా అన్న ఉన్నాడు, జీడిపప్పు పొట్టు తీసే పనుందంట. కూకునే పనే.” కూర్చునే పనే. కానీ కుర్చీలో కాదు. నేల మీద, పీట మీద, తొమ్మిది గంటలు.

వెళ్లొద్దని ఒక్క మాట అంటే ఆగేది. ఆ మాట అనే అర్హత లేదనిపించి ఊరుకున్నాను. బస్సు దాకా సంచి మోశాను.

అప్పటినుంచి ఆదివారం తప్పించి ఆదివారం ఫోను చేస్తుంది. ఇప్పటికి రెండువందల పంతొమ్మిది ఫోన్లు. నాలుగుసార్లు వచ్చింది. నేను ఒకసారి వెళ్లాను, కిందటేడాది వేసవిలో, చీపురుపల్లిలో రైలెక్కి. చెప్పేద్దామనే వెళ్లాను. పని వదిలే వేళకి షెడ్డు బయట నిలబడ్డాను. ఆడవాళ్లందరూ లేచి చీరలు దులుపుకుని బయటికి వచ్చేశారు. ఆమె ఒక్కతీ పీట మీదే ఉంది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. నేనూ లెక్కపెట్టాను. పదకొండుకి లేవలేదు. ఇరవై ఆరుకి లేచింది. చేతికర్ర తీసుకుంది. నన్ను చూసి, “అప్పోయ్!” అంది, అదే సాగదీత, పెరట్లోంచి పిలిచినట్టు. నోట్లోకి వచ్చిన మాట లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆమె నా మోకాళ్లకి నూనె రాసింది. వేళ్లు జీడికి నల్లబడి ఉన్నాయి. రాయొద్దనలేకపోయాను. ఆ చేతుల కోసం ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

పుస్తకంలో మిగిలిన పేజీలు నేనే నింపాను. రిటైరైన ఏడాది నుంచి నా మోకాళ్లు మరీ చెడ్డ రోజున ఒక పేజీ రాసి, మళ్లీ బియ్యంలో పెట్టేదాన్ని. “రెండు మెట్లు. కూర్చుని దిగాను.” “నీళ్ల చెంబు మంచం పక్కన పెట్టుకోవడం మరిచాను. లేవలేక పొద్దున్న దాకా దాహంతో ఉన్నాను. అవతలి మంచం మీదికి చెయ్యి చాపాను.” ఆమె పడిన దాంట్లో నాకు వచ్చింది ఎన్నో వంతో లెక్క కట్టబోయి మానేశాను. నొప్పికి నొప్పిని కొలత పెట్టలేమని నాకు అరవై దాటాక తెలిసింది.

పోయిన ఆదివారం కాక ముందు ఆదివారం ఫోను మోగింది.

“అప్పా, మల్లీ సర్టిఫికెట్టుకి స్లాటు వొచ్చింది. సచివాలయంలో పన్జేసే ఆడగుంటే పెట్టింది. వొచ్చే నెల.”

“మంచిదే.”

“ఇక్కడ డాక్టరుబాబు సూసి, ఎన్నాళ్ల నుంచి ఉన్నాదో పాత కాయితాలుంటే సూపించమన్నాడు. నీ సిన్న బుక్కు ఉన్నాదా? ఆరోజు మర్సిపోనావు, అది.”

నేను బియ్యం డబ్బా వైపు చూశాను.

“పారీసేవేటి? నువ్వు పారీవులే. పెళ్లినాటి సిట్టీలు కూడా దాసుకునే మనిసివి.”

“ఉన్నాదే” అన్నాను. “పంపుతాను.”

పెట్టేశాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పైడమ్మకి చదువొచ్చు. నా దస్తూరీ ఆమెకి ఆమె దస్తూరీ అంత తెలుసు. నూట ఇరవై ఒకటో పేజీ చింపేస్తే? అది మధ్యలో కుట్టిన పుస్తకం. ఒక కాగితం లాగితే దాని జోడు కాగితం అవతల ఊడిపోతుంది. లెక్క చూశాను. నూట ఇరవై ఒకటికి జోడు డెబ్బై ఒకటి. మంచం దిగని రోజు. నవ్వని రోజు. డాక్టరు అన్నిటికంటే ముందు చూడవలసిన పేజీ. నా తప్పు దాచాలంటే ఆమె నొప్పి చింపాలి. రెండోసారి.

బ్లేడుతో కోస్తే జోడు ఊడదు. అది కూడా నాకు తోచింది, దాచను. బ్లేడు తెచ్చుకున్నాను. కొత్త పుస్తకంలోకి ఎత్తి రాద్దామనీ చూశాను. రెండు పేజీలు రాశాను. తొమ్మిదేళ్ల కిందటి నొప్పి కొత్త సిరాలో అబద్ధంలా కనిపించింది. ఆ రెండు పేజీలూ పొయ్యిలో వేశాను. బ్లేడు మూడు రోజులు పుస్తకం మీదే ఉంది. అప్పుడే దాన్ని కొట్టుకి తీసుకెళ్లి తూయించింది. ఎందుకు తూయించానో నన్ను అడక్కండి.

ఆమెకి ఫోనులోనే చెప్పి ఉండొచ్చు. మొహం ఎదట చెప్పి ఉండొచ్చు. ఇన్నేళ్లూ రెండువందల పంతొమ్మిది అవకాశాలు. ఇప్పుడు కూడా నేను చెప్పడం లేదు, కాగితం చేత చెప్పిస్తున్నాను. ఇది ధైర్యం కాదు. అది కూడా నాకు తెలుసు.

ఇంకో భయం కూడా ఉంది. ఆ పేజీ డాక్టరు చదివితే, పుస్తకం రాసినామెని నమ్మడం ఎలా అనుకుంటాడేమో. నా ఒప్పుకోలు ఆమెకి మళ్లీ అడ్డు పడుతుందేమో. చాలా ఆలోచించాను. చివరికి ఆ నిర్ణయం నాది కాదనిపించింది. ఏ పేజీ చూపించాలో, ఏది దాచాలో ఒకసారి నేను నిర్ణయించాను. ఈసారి పైడమ్మ నిర్ణయించుకోవాలి. కావాలంటే ఆమే చింపుతుంది.

ఆఖరి పేజీ ఒక్కటి ఖాళీ ఉంది. సోమవారం పొద్దున్న అందులో తేదీ వేసి, “పేజీలు 192. అన్నీ ఉన్నాయి” అని రాసి సంతకం పెట్టాను. పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టరు చేయించాను. పది నలభై అయింది. రసీదు ఇచ్చారు. మూడు నాలుగు రోజుల్లో అందుతుందన్నారు.

ఇవాళ గురువారం. అంది ఉంటుంది, లేదా రేపు అందుతుంది. ఆదివారం ఫోను వచ్చే వంతు. వస్తుందో రాదో తెలియదు. వస్తే మొదటి మాట ‘అప్పా’ అంటుందో, ఇంకోలా అంటుందో, ఏమీ అనకుండా ఊపిరి మాత్రమే వినిపిస్తుందో. ఏది వచ్చినా నాకు రావలసిందే. అయినా చెవి మాత్రం ఆ పిలుపు కోసమే ఉంది. దానికి బుద్ధి చెప్పలేకపోతున్నాను.

మధ్యాహ్నం వంటకి బియ్యం తీయబోయి డబ్బాలో చెయ్యి పెట్టాను. తొమ్మిదేళ్లుగా గ్లాసు ముంచినప్పుడల్లా వేళ్లకి ఆ కవరు అంచు తగిలేది. తగిలిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఇవాళ అడుగుదాకా పెట్టాను. బియ్యమే ఉన్నాయి, చల్లగా.

ఒక గ్లాసు తీశాను. ఒక మనిషికి ఒక గ్లాసే సరిపోతుంది.